పుల్లబడిన నేలకు సున్నము

పంట పండని పొలమును చూచి, "ఈ భూమిలో సారము చచ్చినది" అని రైతు లనుట మనము వినుచుందుము. సారము చచ్చుట యనగా నేమి? పైరునకు కావలసిన ఆహారము నేలలో తరిగిపోవుట ఒక కారణము. ఎరువు వేసినచో ఆ లోటు తీరును. కాని కొన్ని నేలలు ఎంత ఎరువు వేసినను కోలుకొనవు. పైగా కొన్ని ఎరువులు వేసినకొలది మరింత పాడగును. అట్టి నేలలలో అసలు చిక్కు ఆహారము తక్కువగుట కాదు, ఆమ్లము ఎక్కువగుట. వాడుక మాటలో చెప్పవలెనన్న ఆ నేల పుల్లబడినది.

ఈ సంగతి తెలియుటకు మానవునకు రెండువేల ఏండ్లు పట్టెను. విచిత్రమేమనగా, ఈ వ్యాధికి మందు ముందుగా దొరికెను. వ్యాధి పేరు ఆ తరువాత తెలిసెను. వ్యాధికి మూలకారణ మింకను తరువాత తెలిసెను. ఆ మందు మన యిండ్ల గోడలకు వేయు సున్నమే.

రోగము తెలియకముందే మందు

క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో ప్లినీ యను రోమను పండితుడు గాల్, బ్రిటను దేశముల రైతులు ఒక విధమైన సున్నపు మన్నును త్రవ్వి పొలములపై చల్లుచుండిరని వ్రాసెను. దీనిని ఇంగ్లీషువారు మార్ల్ అందురు. బంకమట్టియు, సున్నపురాతి పొడియు, కొన్ని చోట్ల సముద్రపు గుల్లల ముక్కలును కలిసినదే మార్ల్.

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైరులో భూమిపై బంకమట్టి పొర యుండును, దాని క్రింద సుద్ద యుండును. అచటి రైతులు బావివలె గోతులు త్రవ్వి, సుద్దను పైకి తీసి, శీతకాలమున పొలములపై పరచుచుండిరి. మంచునకు ఆ సుద్దగడ్డలు తమంతట తామే పగిలి పొడియై నేలలో కలియుచుండెను. ఇది ఎందులకు మేలు చేయునో వారికి తెలియదు. చేయునని మాత్రము తాతల నాటినుండి తెలియును.

ఆ రైతులకు తెలిసిన మరియొక సంగతియు గలదు. సున్నపు మన్ను తండ్రిని ధనికుని చేయును, కొడుకును బికారిని చేయును అని వారిలో ఒక సామెత యుండెను. సున్నము వేసిన నేలలో సూక్ష్మజీవులు చురుకుగా పనిచేసి, కుళ్ళుపదార్థములోని ఆహారమును త్వరగా విడుదల చేయును. పంటలు బాగుగా పండును. ఆ పండిన దానికి తగినంత పెంట నేలకు తిరిగి వేయనిచో, నిలువయున్న సారము ఒక తరములోనే ఖర్చగును. సున్నము మందే గాని ఎరువునకు బదులు కాదని ఈ సామెత భావము.

వర్జీనియాలో ఒక యువ రైతు

నేలలో ఆమ్లమున్నదని ఊహించి, ఆ ఊహను పరీక్షించి, ఫలితమును గ్రంథముగా వ్రాసిన వారిలో ముందుగా చెప్పదగినవాడు ఎడ్మండు రఫిన్. ఈతడు 1794లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. ఇరువది ఏండ్లు నిండకయే జేమ్స్ నదీతీరమున కాగిన్స్ పాయింట్ అను కుటుంబపు పొలము ఈతని చేతికి వచ్చెను.

ఆ కాలమున వర్జీనియా తీరప్రాంతపు భూములు దీనస్థితిలో నుండెను. వందయేండ్లకు పైగా పొగాకు, మొక్కజొన్న వేసి వేసి నేలలు డస్సిపోయెను. ఎందరో రైతులు ఊళ్ళు విడిచి పడమటి క్రొత్త భూములకు తరలిపోవుచుండిరి. రఫిన్ కూడ ఆ ఆలోచన చేసెను. అంతకుముందు, పేరుపొందిన రైతు ఒకడు గ్రంథములో చెప్పిన రీతిగా పొలమునకు పెంట తోలి, పశువులను మేపక విడిచి చూచెను. ఫలితము కనబడలేదు.

అప్పుడు ఆతనికి సర్ హంఫ్రీ డేవీ 1813లో ప్రకటించిన వ్యవసాయ రసాయనశాస్త్ర గ్రంథము లభించెను. నేలలో అన్నభేది గాని, మరియే ఆమ్లపదార్థము గాని యున్నచో సున్నముతో దానిని బాగుచేయవచ్చునని డేవీ ఒకచోట సూచించెను. రఫిన్ తన మట్టిని పరీక్షించెను. అన్నభేది కనబడలేదు. మరియొకడైనచో అంతటితో మానియుండును. రఫిన్ మానలేదు. అన్నభేది కాకున్న, కుళ్ళిన ఆకులలమలనుండి పుట్టు ఆమ్లమేదో ఉండవచ్చునని తలచెను.

ఆతని ఊహకు ఆధారములు పొలములోనే యుండెను. పాడుపడిన భూములలో పైన్ వృక్షములును, మన చుక్కకూర జాతికి చెందిన ఒక పులుపు మొక్కయు విరివిగా పెరుగుచుండెను. నదియొడ్డున గుల్లలు కలిసిన నేలలలో అవి పెరుగుట లేదు. ఆ గుల్లనేలలు ఎంతకాలము సేద్యము చేసినను సారము కోల్పోలేదు. పిమ్మట రఫిన్ పాడునేలల మట్టిపై ఆమ్లము పోసి, వెలువడు బొగ్గుపులుసు గాలిని కొలిచెను. సున్నపురాతి పొడి యున్న మట్టి పొంగవలెను. ఆ మట్టి పొంగలేదు. అనగా ఆ నేలలలో సున్నపుభాగము దాదాపుగా లేదు.

ఆతని భూమి క్రిందనే ప్రాచీన సముద్రపు గుల్లలతో నిండిన మార్ల్ పొర గలదు. 1818లో దానిని త్రవ్వించి, కొన్ని ఎకరములలో చల్లించి, మొక్కజొన్న వేయించెను. మార్ల్ వేసిన భాగమున పంట ప్రక్క భాగముకంటె సుమారు 40 శాతము హెచ్చుగా పండెను. ఆ ఏడే తన జిల్లా వ్యవసాయ సంఘమునకు ఈ ఫలితమును నివేదించెను. 1821లో అది వ్యాసముగా అచ్చయ్యెను. 1832లో పెరిగి గ్రంథమయ్యెను. 1852 నాటికి ఆ గ్రంథము అయిదవ ముద్రణకు వచ్చెను. మార్ల్ మితిమీరి వేసినచో పైరు పాడగుననికూడ రఫిన్ గమనించి, రైతులను హెచ్చరించెను.

ఈ కథలో చెప్పక విడువరాని భాగము గలదు. ఆ మార్ల్‌ను త్రవ్వినవారు, బండ్లకెత్తినవారు, పొలములలో చల్లినవారు కూలివారు కారు, నల్లజాతి బానిసలు. రఫిన్ బానిసత్వమును గట్టిగా సమర్థించినవాడు. 1861లో సమ్టర్ కోటపై మొదటి ఫిరంగులు ప్రేల్చినవారిలో ఒకడు. తన పక్షము ఓడిపోగా 1865 జూనులో తుపాకితో కాల్చుకొని మరణించెను. నేలకు పట్టిన రోగమును అంత నిశితముగా చూచిన కన్నులు ప్రక్కనున్న మనుష్యుని బాధను చూడలేదు. శాస్త్రచరిత్ర చదువువారు ఈ రెండు సంగతులను ఎరుగవలెను.

వోబర్న్ పొలములో చచ్చిన బార్లీ

రఫిన్ కాలమున నేల తనంతట తాను పుల్లబడుట ఒక్కటే తెలియును. వానలు ఎక్కువగా కురియుచోట నీటిలో కరిగిన బొగ్గుపులుసు గాలి నేలలోని సున్నమును కొంచెము కొంచెముగా కరిగించి క్రిందికి తీసికొనిపోవును. పంటతోపాటు కొంత సున్నము ఇల్లు చేరును. ఇది నిదానముగా జరుగు పని. మానవుడు వేయు ఎరువే ఈ పనిని వేగిరపరచునని మరి యేబది ఏండ్లకు గాని తెలియలేదు.

1876లో ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘము వోబర్న్ అనుచోట ఎరువుల ప్రయోగము ప్రారంభించెను. మొదట ఆగస్టసు వోల్కరును, ఆతని మరణానంతరము కుమారుడు జాన్ ఆగస్టసు వోల్కరును దీనిని నడిపిరి. ఈ కుమారుడే 1889 చివర భారతదేశమునకు వచ్చి, ఏడాదికి పైగా పర్యటించి, మన వ్యవసాయముపై 1893లో ప్రసిద్ధమైన నివేదికను ప్రకటించినవాడు.

వోబర్న్ నేల ఇసుకపాలు ఎక్కువైన తేలిక నేల. అందు సున్నము అల్పము. కొన్ని మళ్ళలో ఏటేట బార్లీ వేసి అమ్మోనియం లవణములను ఎరువుగా వేసిరి. మరికొన్నింటిలో సోడియం నైట్రేటు వేసిరి. మొదట రెండు విధముల మళ్ళును బాగుగనే పండెను. కాలము గడచినకొలది అమ్మోనియం మళ్ళలో పైరు పలుచబడెను, మొక్కలు పసుపెక్కెను, కలుపు మొక్కలు బలిసెను. 1890 తరువాతి సంవత్సరములలో బార్లీ దాదాపుగా నశించెను. అదే ఎరువు పొందిన గోధుమ కొంత ఆలస్యముగా అదే దారి పట్టెను. నైట్రేటు వేసిన మళ్ళకు ఈ గతి పట్టలేదు.

1897 చివర ఒక అమ్మోనియం మడిని చీల్చి, ఒక భాగమున ఎకరమునకు 2 టన్నుల సున్నము వేసిరి. చచ్చిన నేల లేచినట్లయ్యెను. బార్లీ తిరిగి పండెను. ఎరువు అదే, విత్తనము అదే, వాన అదే. మారినది సున్నము మాత్రమే.

దీని కారణమును ఆనాటికి సూక్ష్మజీవిశాస్త్రము వెల్లడించుచుండెను. అమ్మోనియాను నైట్రేటుగా మార్చునవి నేలలోని సజీవులని 1877లో ష్లోసింగ్, ముంట్జ్ అను ఫ్రెంచివారు చూపిరి. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేసెను. అమ్మోనియం నైట్రేటుగా మారునపుడు ఉదజని అయానులు విడుదలయగును. ఉదజని అయానులే ఆమ్లమునకు పులుపునిచ్చునవి. సోడియం నైట్రేటులో నత్రజని ముందే నైట్రేటు రూపమున నుండుటచే ఈ మార్పునకు తావులేదు. 100 కిలోల అమ్మోనియం సల్ఫేటు కలిగించు ఆమ్లతను తొలగించుటకు సుమారు 110 కిలోల శుద్ధమైన సున్నపురాతి పొడి కావలెనని తరువాత లెక్క తేల్చిరి. నేడు మనము విరివిగా వాడు యూరియా 100 కిలోలకు ఈ లెక్క సుమారు 80 కిలోలు.

ఇచట ఒక ప్రశ్న కలుగును. రోథాంస్టెడ్‌లో బ్రాడ్‌బాక్ గోధుమ పొలమున 1843 నుండి ఇదే ఎరువు వేసిరి గదా, ఆ పొలమేల చెడలేదు? సమాధానము మనము ముందు చెప్పిన సుద్ద గోతులలో నున్నది. రోథాంస్టెడ్ హెర్ట్‌ఫర్డ్‌షైరులోనిదే. పేరు తెలియని పూర్వపు రైతులు ఆ పొలమున మిక్కుటముగా సుద్ద చల్లియుండిరి. అదియే తరతరములు ఆమ్లమును మ్రింగుచు వచ్చెను. అచటనే సమీపముననున్న పార్కు గ్రాస్ అను పచ్చికబయలునకు ఆ రక్షణ లేదు. 1856 నుండి అమ్మోనియం సల్ఫేటు హెచ్చుగా పొంది, సున్నము పొందని మళ్ళలో నేడు ఒకటి రెండు జాతుల గడ్డి తప్ప ఏమియు పెరుగదు. వానపాములు లేకుండుటచే ఎండుగడ్డి కుళ్ళక చాపవలె పేరుకొనియుండును. ప్రక్కనే ఎరువు వేయని మళ్ళలో ముప్పదికి పైగా జాతుల మొక్కలు గలవు.

పులుపును కొలుచుట

రోగము తెలిసిన పిదప దానిని కొలుచు సాధనము కావలెను. 1909లో కోపెన్‌హేగెన్ నగరమున కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ అను రసాయనవేత్త పి.హెచ్. మానమును ప్రవేశపెట్టెను. ఇందు 7 తటస్థస్థితి. అంతకు తగ్గినచో ఆమ్లము, హెచ్చినచో క్షారము. ఒక అంకె తగ్గినచో ఉదజని అయానులు 10 రెట్లగును. కావున 5 పి.హెచ్. గల నేలలో అవి 7 గల నేలలోకంటె 100 రెట్లుండును. 6 నుండి 5కు దిగుట చిన్న మార్పని విద్యార్థులు పొరబడరాదు.

అయినను పి.హెచ్. ఒక్కటే చాలదు. చింతపండు పులుసును ఒక చెంచా రుచిచూచినచో ఎంత పుల్లగానున్నదో తెలియును గాని, కుండలో ఎంత పులుసున్నదో తెలియదు గదా! నేల సంగతియు అంతే. మట్టిరేణువులు తమపై అయానులను పట్టియుంచి, ఒకదాని నిచ్చి మరియొకదానిని పుచ్చుకొనునని 1850లోనే థామస్ వే అను ఆంగ్లేయుడు చూపెను. ఇసుకనేల కొద్దిగాను, బంకనేల అధికముగాను అయానులను పట్టియుంచును. అందుచే ఒకే పి.హెచ్. చూపు రెండు నేలలలో బంకనేలకు కొన్ని రెట్లు ఎక్కువ సున్నము కావలెను. ఇట్లు కావలసిన సున్నమును ప్రయోగశాలలో తేల్చు పద్ధతిని అమెరికాలో వీచ్ అను రసాయనవేత్త 1902లో రూపొందించెను.

అసలు దోషి

పుల్లనేలలో మొక్కను చంపునది పులుపేనా? చాలకాలము అందరును అట్లే తలచిరి. 1918లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో హార్ట్‌వెల్, పెంబర్ అనువారు బార్లీ, రై మొక్కలను ద్రవములలో పెంచి ఈ ప్రశ్నను పరిశీలించిరి. బార్లీకి ఎక్కువ కీడు చేయుచున్నది అల్యూమినియమని వారు తేల్చిరి.

మన వంటపాత్రలలోని అల్యూమినియమే యిది. భూమి పైపొరలో బరువున సుమారు 8 శాతము ఇదే. సాధారణముగా బంకమట్టి కణముల నిర్మాణములో బంధింపబడి, ఎవరికిని హాని చేయదు. పి.హెచ్. సుమారు 5.5కు దిగువకు పోయినచో అది కరుగ నారంభించును. కరిగిన అల్యూమినియం వేరు కొనను తాకి దాని పెరుగుదలను ఆపివేయును. వేళ్ళు మొద్దుబారి, పొట్టివై, లోతునకు దిగలేవు. క్రింద తడి యున్నను పదిరోజుల బెట్టకే పైరు వాడిపోవును. ఇంతేకాక అల్యూమినియం, ఇనుము భాస్వరమును బిగియబట్టి మొక్కకు అందనీయవు. పప్పుజాతి మొక్కల వేళ్ళపై బుడిపెలలోని సూక్ష్మజీవులు మందగించును.

సున్నము వేసినపుడు జరుగునది ఇప్పుడు తేటపడును. సున్నపురాయి ఉదజని అయానులతో కలిసి నీరుగను, బొగ్గుపులుసు గాలిగను మారును. అల్యూమినియం తిరిగి కరుగని రూపము పొందును. మట్టిరేణువులపై ఖాళీ యైన స్థానములను కాల్షియం ఆక్రమించును. రఫిన్ పొలములో జరిగినదియు ఇదే. ఆతడు రోగమును గుర్తించెను, మందును సరిగా ఎన్నుకొనెను. విషము పేరు మాత్రము నూరేండ్ల తరువాత తెలిసెను.

అన్ని పైరులును పుల్లనేలను ద్వేషింపవు. తేయాకు దానిని కోరును. నీరు నిలిచిన వరిమడిలో కొన్ని వారములకు పి.హెచ్. తనంతట తానే తటస్థస్థితికి దగ్గరగా వచ్చును. కావున సున్నము అవసరము ముఖ్యముగా మెట్టపైరులకు, అందును పప్పుధాన్యములకు, మొక్కజొన్నకు, గోధుమకు హెచ్చు.

మన దేశమున

భారతదేశములో ఆమ్లనేలలు సుమారు 4 కోట్ల 90 లక్షల హెక్టారులని అంచనా. అందు సగమునకు పైగా పి.హెచ్. 5.5 ప్రాంతమునకు దిగువ నున్నవి. అస్సాము మొదలగు ఈశాన్య రాష్ట్రములు, జార్ఖండ్, ఒడిశా, కేరళ ఇందులకు ముఖ్యస్థానములు. అధిక వర్షమే ఇందులకు ప్రధాన కారణము.

వోబర్న్ పాఠము మన దేశములోనే మరల ఋజువైనది. రాంచీ దగ్గర కాంకెలోని ఎర్రనేలలో 1972 నుండి సోయాచిక్కుడు, గోధుమ పంటలపై దీర్ఘకాల ప్రయోగము నడచినది. నత్రజని ఎరువు ఒక్కటే పొందిన మళ్ళు క్రమముగా క్షీణించి, ఎరువే వేయని మళ్ళకంటెను తక్కువ పండెను. నత్రజని, భాస్వరము, పొటాషులతోపాటు సున్నము గాని, పశువుల పెంట గాని పొందిన మళ్ళు నిలిచెను. ఎరువు చేర్చుట తప్పు కాదు. ఎరువు మిగిల్చిన ఆమ్లమును లెక్కింపకుండుటయే తప్పు.

పేద రైతునకు హెక్టారుకు టన్నులకొలది సున్నము తోలుట భారము. దీనికొక ఉపాయమును మన శాస్త్రజ్ఞులు చూపిరి. పొలమంతయు చల్లుటకు బదులు, విత్తు సమయమున చాళ్ళలో హెక్టారుకు 2 నుండి 4 క్వింటాళ్ళు ఏటేట వేసినచో వేరు చుట్టునున్న మట్టి బాగుపడును. కాగితపు మిల్లుల సున్నపు మడ్డి, ఉక్కు కర్మాగారముల చిట్టెము కూడ ఈ పనికి వచ్చును.

తెలుగు దేశపు నేలలలో అధికభాగము ఈ రోగము లేనివి. నల్లరేగడిలో సున్నపు గుల్లలు సహజముగనే యుండును. పాడేరు, అరకు, చింతపల్లి వంటి అధిక వర్షపు కొండప్రాంతములలోను, అచటచట తేలిక ఎర్రనేలలలోను ఆమ్లత కానవచ్చును. చౌడునేలల రోగము దీనికి సరిగా వ్యతిరేకము. అచట వేయవలసినది జిప్సము గాని సున్నము కాదు. జిప్సములో కాల్షియమున్నను అది ఆమ్లమును విరుచు పదార్థము కాదు. పరీక్షింపక సున్నము వేసినచో ఇనుము, జింకు వంటివి పైరునకు అందకుండపోవును. ఒకని పొలమునకు మందైనది ప్రక్కవాని పొలమునకు విషము కావచ్చును.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ చరిత్రను బల్లమీదికి తేవచ్చును. ఊరి పొలములలో నాలుగైదు చోట్లనుండి, ఒక్కొక్క పొలములో పలుతావులందు జానెడు లోపు లోతున మట్టి తీయించి, కలిపి, నీడను ఆరబెట్టి, జల్లెడ పట్టించవలెను. 10 గ్రాముల మట్టికి 25 ఘనసెంటీమీటర్ల స్వేదనజలము చేర్చి, అరగంట అప్పుడప్పుడు కలుపుచు నుంచి, తేరిన నీటిలో పి.హెచ్. కాగితము ముంచి రంగు చూడవలెను. పిమ్మట మరికొంత పొడిమట్టిపై ఉపాధ్యాయుడే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము కొన్ని చుక్కలు వేయవలెను. పొంగినచో ఆ నేలలో సున్నము గలదు. పొంగనిచో లేదనియో, మిక్కిలి తక్కువనియో తెలియును. రఫిన్ చేసిన పరీక్షకు ఇది చెల్లెలు.

ఫలితములను ఊరి పటముపై గుర్తించి, ఏ పొలమున ఏ ఎరువు ఎన్ని ఏండ్లుగా వేయుచున్నారో రైతుల నడిగి ప్రక్కన వ్రాయవలెను. అయిదేండ్ల తరువాత మరియొక తరగతి అదే పొలములలో అదే పరీక్ష చేసి, రెండు పటములను పోల్చవచ్చును. వోబర్న్ పొలము తన రోగమును బయటపెట్టుటకు ఇరువది ఏండ్లు తీసికొనెను. పంట తగ్గిన తరువాత కారణము వెదకుటకంటె, అంకె తగ్గుచుండగనే చూచి సున్నము సిద్ధముచేసికొనుట చౌక.